30 వేల రూపాయల వేట జాకెట్ మన చెరువులకు, మన అడవులకు నిజంగా అవసరమా?

పాలపిట్ట_మియాపూర్:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

రెండున్నరేళ్లుగా పక్షుల ఫొటోలు తీస్తున్నాను. ఇల్లు మియాపూర్ కాబట్టి ఆదివారం తెల్లవారితే అమీన్‌పూర్ చెరువు, నెలకోసారి అనంతగిరి కొండలో సింగూరో, వీలైతే ఏడాదికి ఒకసారి నల్లమల. పోయిన జనవరిలో సింగూరు నీళ్ల అంచున తల మీద రెండు నల్ల పట్టీలుండే బాతులు దిగాయి, హిమాలయాలు దాటి వచ్చేవి. నలభై యాభై దాకా ఉంటాయి. నేను చాలా దూరంలో ఉండగానే మెడలు నిటారుగా లేపి చూశాయి, ఇంకో పది అడుగులు వేశానో లేదో మొత్తం గుంపు లేచిపోయింది. అదే రోజు అవతలి గట్టున ఆకుల బొమ్మలున్న జాకెట్ వేసుకుని ఒకాయన కూర్చున్నారు, ఆయనకు బాగా దగ్గరలోనే అవి మేశాయి. నేను ఆ రోజు నీలం జీన్స్, లేత బూడిద రంగు హుడీ వేసుకున్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ దృశ్యం కళ్ల ముందు నుంచి పోలేదు.

మా బావ నవంబర్‌లో డల్లాస్ నుంచి వస్తున్నాడు. అక్కడ వేటగాళ్లు వేసుకునే బ్రాండ్ జాకెట్ ఒకటి చూశాను, 350 డాలర్లు, అంటే మన లెక్కలో 30 వేలు దాటుతుంది. దానికి జోడీ ప్యాంటు ఇంకో 240. గోర్‌టెక్స్ (నీళ్లు ఆపే పొర), శబ్దం చేయని బట్ట, చెమట వాసన రాదు అని ఏవేవో రాశారు. జీతం వస్తుంది, ఇంటి లోను కూడా ఉంది, కాబట్టి ఇది ఆషామాషీగా పెట్టే డబ్బు కాదు. పనికొస్తుందంటే మాత్రం పదేళ్లు వాడుకుంటాను, వెనక్కి తగ్గను. ఎవరైనా నిజంగా వాడినవాళ్లు చెప్పండి: ఆ డబ్బుకు తగ్గ తేడా ఉంటుందా? డెకథ్లాన్‌లో దొరికే వాటితో సరిపెట్టుకోవచ్చా? అసలు సింగూరులో బాతులు లేచిపోయింది నా బట్టల వల్లేనా?

చెరువుగట్టు:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను బ్రదర్, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

వేట బట్టల మీద ఆ బొమ్మలు ఎవరి కళ్లను దృష్టిలో పెట్టుకుని వేస్తారో ముందు చూడాలి. అమెరికాలో ఎక్కువ మంది వేటాడేది జింకల్ని, ఎల్క్ అనే పెద్ద జింకల్ని. వాటి కంటిలో రంగును పట్టే కణాలు రెండే రకాలు. ఎరుపు, నారింజ వాటికి ఆకుపచ్చ నుంచి పెద్దగా విడిగా కనిపించవు, నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. పక్షుల సంగతి పూర్తిగా వేరు. వాటికి నాలుగు రకాల కణాలు, మనకంటే ఒకటి ఎక్కువే, చాలా జాతులకు మనకు కనబడని అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. అంటే జింక కన్ను కోసం కొలిచి చేసిన జాకెట్‌ను నువ్వు బాతు ముందు వేసుకుని కూర్చుంటావన్నమాట. ఆప్టిఫేడ్ లాంటి వేట బట్టల నమూనాల్లో బాతుల వేటకు విడిగా ఒక రకం చేస్తారు కూడా, అది మన చెరువుల్లో ఉండే తుంగ, జమ్ము రంగులకు కాస్త దగ్గరగా ఉంటుంది. కానీ దానికోసం 30 వేలు పెట్టమని నేను చెప్పను.

సింగూరులో ఏం జరిగిందో నేను ఊహించి చెప్తున్నాను, తప్పైతే సరిదిద్దు. నువ్వు గట్టు మీద నడుస్తూ నేరుగా వాటి వైపు వెళ్లి ఉంటావు. గట్టు మీద నిలబడిన మనిషి వెనక ఆకాశం ఉంటుంది, ఏ రంగు చొక్కా వేసుకున్నా కింద నీళ్లలో ఉన్న పక్షికి నల్లటి మనిషి ఆకారం కదులుతున్నట్టే కనిపిస్తుంది. ఆ జాకెట్ ఆయన కూర్చుని ఉన్నారని నువ్వే రాశావు. బాతులు వచ్చేసరికే ఆయన అక్కడ ఉన్నారేమో. ముందే వచ్చి కూర్చుని, వెనక ఒక పొదో మట్టి దిబ్బో ఉండేలా చూసుకుని, అరగంట కదలకుండా ఉంటే పక్షులు తమంతట తామే దగ్గరికి వస్తాయి. ఇది నేను హిమాయత్‌సాగర్ ఒడ్డున లెక్కలేనన్నిసార్లు చూశాను, మామూలు ఖాకీ చొక్కాతోనే.

చాలామంది పట్టించుకోనిది ముఖం, చేతులు. ఒళ్లంతా ఆకుల బొమ్మలు కప్పుకుని, తెల్లటి అరచేతులతో లెన్స్ తిప్పుతుంటే కదిలేది ఆ చేతులే కదా. వెడల్పు అంచు టోపీ, పలచటి గ్లౌజులు, మెడకు మట్టి రంగు తువ్వాలు. అన్నీ కలిపి వెయ్యి రూపాయలు కావు.

ఇంకొకటి, ఉతికే సబ్బు. మన డిటర్జెంట్ పౌడర్లలో చాలావాటిలో బట్ట తళతళ మెరవడానికి రసాయనాలు కలుపుతారు, అవి అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వెలుగుతాయి. మనకు తెల్లదనంగా కనిపించేది అదే. ఎంత ఖరీదైన జాకెట్ అయినా అలాంటి పౌడర్‌లో నాలుగుసార్లు తిప్పితే తెల్లవారుజామున ఆ మసక వెలుతురులో దానికి ఒక మెరుపు వచ్చేస్తుంది. నా ఫీల్డ్ బట్టలు మా అమ్మ కుంకుడుకాయ రసంలో ఉతుకుతుంది. అందులో ఆ మెరుపు మందులేవీ ఉండవు, రంగు కూడా త్వరగా దిగదు.

కొలరాడో_తెలుగోడు:

నేను పుట్టి పెరిగింది మల్కాజిగిరి, ఇక్కడికొచ్చి 14 ఏళ్లు. ఆరేళ్లుగా లైసెన్సు తీసుకుని ఎల్క్ వేటకు వెళ్తున్నాను, ఆ మాంసమే మా ఇంట్లో ఏడాదంతా తింటాం. కాబట్టి మీరు అడుగుతున్న జాకెట్లు నా దగ్గర ఉన్నాయి, డబ్బు పెట్టాను, వాటి విలువ నాకు తెలుసు. అందుకే చెప్తున్నాను, హైదరాబాద్‌లో వాడటానికైతే కొనకండి.

ఇక్కడ అది ఎందుకు అవసరమో చెప్తాను. అక్టోబర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తులో కొండెక్కడం మొదలుపెడతాను. వీపున బరువు, ఒళ్లంతా చెమట. పైకెక్కాక మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి, చలి సున్నా కంటే కింద, ఎప్పుడు మంచు పడుతుందో తెలియదు. ఎక్కేటప్పుడు పట్టిన చెమట ఒంటి మీదే ఉండిపోతే కూర్చున్నాక వణుకు మొదలవుతుంది, అది ప్రాణం మీదికి కూడా తెస్తుంది. అందుకే ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని, దాని మీద వెచ్చదనానికి ఒక పొర, పైన గాలీ నీళ్లూ ఆపే పొర. ఇక్కడ ఎవరినడిగినా అడవిలోకి కాటన్ వేసుకుని రావద్దంటారు, తడిస్తే ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. సరిగ్గా ఆ కారణానికే మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో కాటన్ కావాలి! 41 డిగ్రీల ఎండలో చెమటతో తడిసిన నూలు చొక్కా మెల్లగా ఆరుతుంటేనే ఒళ్లు చల్లబడుతుంది.

గోర్‌టెక్స్ గురించి. 1969లో బాబ్ గోర్ ఒక రకం ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా సాగదీసి, సన్నటి రంధ్రాలుండే పొర తయారు చేశాడు. నీటి బొట్టు లోపలికి రాలేదు, చెమట ఆవిరి బయటికి పోగలదు. వినడానికి అద్భుతం, చలిలో నిజంగానే అద్భుతం. కానీ ఆవిరి బయటికి పోవాలంటే లోపల తేమ ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. శ్రావణమాసంలో అనంతగిరిలో వాన పడుతుంటే లోపలా తడే, బయటా తడే, పైగా ఉక్క. ఇక ఆవిరి ఎటు పోతుంది? గంటలో మీ చొక్కా లోపల్నుంచే తడుస్తుంది. పోయిన జులైలో ఇంటికొచ్చినప్పుడు 400 డాలర్ల జాకెట్ వేసుకుని వికారాబాద్ అడవిలో నడిచాను కాబట్టి చెప్తున్నాను, అరగంటలో విప్పి నడుముకు కట్టుకుని వానలో తడుస్తూనే తిరిగాను, అదే హాయిగా ఉంది. మీకు గొడుగు చాలు. కెమెరాకు ఒక కవరు.

ఇంకో విషయం తెలిస్తే మీకు మనసు కుదుటపడుతుందేమో. కొలరాడోలో తుపాకీ సీజన్లో ప్రతి వేటగాడూ కనీసం 500 చదరపు అంగుళాలు మెరిసే నారింజ రంగో గులాబీ రంగో పైన వేసుకుని తీరాలి, తల మీద కూడా. చట్టం అది, ఒకరి తూటా ఇంకొకరికి తగలకూడదని. అంటే 350 డాలర్ల ఆకుల బొమ్మల జాకెట్ మీద నేను పది డాలర్ల నారింజ బనియన్ తొడుక్కుంటాను, బొమ్మలు సగం కనబడవు. అయినా ఎల్క్‌లు దగ్గరికి వస్తాయి, గాలి నా వైపు వీస్తున్నంతసేపూ. గాలి తిరిగి నా వాసన వాటికి అందిందంటే ఏ జాకెట్టూ కాపాడదు.

బావ చేత ఏదైనా తెప్పించుకోవాలనే ఉంటే పలచటి మెరినో టీషర్టు ఒకటి తెప్పించుకోండి, మన చలికాలపు ఉదయాలకు బాగుంటుంది, రెండు రోజులు వరుసగా వేసుకున్నా వాసన రాదు. సీజన్ అయిపోయాక ఫిబ్రవరి, మార్చిలో ఇక్కడ రేట్లు దిగుతాయి, నవంబర్ మంచి సమయం కాదు. అది పెట్టెలో దాచేటప్పుడు మాత్రం కలరా ఉండలు వేయండి, ఉన్ని అంటే పురుగులు వెతుక్కుంటూ వస్తాయి.

తార్నాక_టీచర్:

పైన ఇద్దరూ కళ్ల గురించి, చలి గురించి చెప్పారు, చెవుల గురించి నేను చెప్తాను. పన్నెండేళ్ల నుంచి తిరుగుతున్నాను, నా అనుభవంలో రంగు కంటే శబ్దమే ఎక్కువ పక్షుల్ని పోగొట్టింది.

జూన్‌లో వానలు మొదలయ్యాక అనంతగిరిలో ఒకసారి పొన్నంగి పిట్ట దొరికింది. ఎండుటాకుల మధ్య గెంతుతూ, రంగులన్నీ ఒంటి మీదే ఉన్నట్టు, నాకు ఇరవై అడుగుల్లో. ఊపిరి బిగబట్టాను. మెమరీ కార్డు మార్చాలని జేబు తెరిచాను. దానికి వెల్క్రో పట్టీ. 'చర్ర్'మన్న ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిట్ట లేదు. ఆ జేబున్న జాకెట్ చిన్న రేటుది కాదు, పేరున్న దుకాణంలో కొన్నదే. నైలాన్ జాకెట్లకు ఇంకో జబ్బు, చేయి ఊపితే చంక కింద సరసరమంటాయి, రేగు కొమ్మ తగిలితే గీరినట్టు శబ్దం. దుకాణంలో ఒక పని చేయండి: బట్టను చెవి దగ్గర పెట్టుకుని గోటితో గీకండి. మీకు వినబడితే అడవిలో అన్నిటికీ వినబడుతుంది. కొలరాడో తమ్ముడు వాడే ఖరీదైన వేట జాకెట్లలో మంచి గుణం అదే, పైన నూగు ఉంటుంది కాబట్టి చప్పుడు చేయవు. మన దగ్గర ఆ గుణం మామూలు నూలు గుడ్డకు ఉతికే కొద్దీ తనంతట తానే వస్తుంది.

నేనైతే కుట్టించుకుంటాను. ఆడవాళ్లకు ఈ బట్టల్లో సైజులే ఉండవు, ఉన్నా జేబులుండవు, ఆ బాధతోనే మొదలుపెట్టాను. ఇప్పుడు మా గ్రూపులో మగవాళ్లు కూడా మా టైలర్ దగ్గరికే వస్తున్నారు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గుడ్డల దుకాణాల్లో మెహందీ రంగు కాటన్ డ్రిల్ అడగండి, లేకపోతే ఎండు గడ్డి రంగు. నేను మీటరు 220కి కొన్నాను. ఫుల్ చేతుల చొక్కాకు రెండున్నర మీటర్లు తీసుకోండి. కుట్టించే ముందు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకులోనే చేతులు పొట్టివైపోతాయి. టైలర్‌కు ఇవి చెప్పండి: గుండీలు మెరవకూడదు, జేబు మూతలకు వెల్క్రో వద్దు గుండీలే, ఛాతీ జేబులు కొంచెం ఏటవాలుగా, ఎందుకంటే బైనాక్యులర్ పట్టీ వేసుకున్నాక నిలువు జేబులో చేయి దూరదు. చంక కింద ఒక ముక్క అదనంగా వేయమనండి, లెన్స్ పైకెత్తినప్పుడు చొక్కా నడుము దగ్గర లేచిపోదు. మోచేతుల దగ్గర రెండో పొర, నేల మీద పడుకుని ఫొటోలు తీసేవాళ్లకు ముందు చిరిగేది అక్కడే. మా టైలర్ మొదటిసారి ఈ కోరికలన్నీ విని విసుక్కున్నారు, ఇప్పుడు నేను గుమ్మం ఎక్కగానే ఆయనే అడుగుతారు, "మేడమ్, మోచేతులకు డబుల్ వేయాలి కదా" అని.

కుట్టు కూలి 500. మొత్తం వెయ్యి పైచిలుకు. నా మొదటి చొక్కాకు ఏడేళ్లు, కాలరు ఒక్కసారి తిప్పి కుట్టించాను, అంతే.

నూగుగా ఉండే ఫ్లీస్ బట్ట మాత్రం అడవిలోకి వేసుకోవద్దు. ఉత్తరేణి గింజలు పట్టాయంటే ఆ సాయంత్రమంతా ఒక్కొక్కటీ పీక్కుంటూ కూర్చోవాలి.

పాలపిట్ట_మియాపూర్:

చాలా థాంక్స్ అందరికీ. చెరువుగట్టు అన్నా, మీరు ఊహించింది అక్షరాలా నిజం, గట్టు మీదే నేరుగా నడిచాను, వెనక ఒక్క చెట్టు కూడా లేదు. ఆయన మాత్రం నేను వచ్చేసరికే కూర్చుని ఉన్నారు, అది ఇప్పుడు గుర్తొస్తోంది. టీచర్ మేడమ్, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను, "గుడ్డ కొనడానికి నేనూ వస్తా" అంది.

ఒక సందేహం మిగిలింది. నల్లమలకైనా ఆ ఆకుల బొమ్మల బట్టలు ఉంటే మంచిది కాదా? దట్టమైన అడవి కదా.

నల్లమల_నడక:

మాది అచ్చంపేట పక్క ఊరు, ఉంటున్నది ఉప్పల్‌లో. నల్లమల గురించి అడిగావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ.

ముందు తెలుసుకోవాల్సింది, అమ్రాబాద్‌లో సఫారీకి వెళ్తే నువ్వు బండి దిగవు. పులుల అభయారణ్యాల్లో ఎక్కడైనా అంతే. డీజిల్ బండి చప్పుడు, దాని వాసన, లోపల ఇంకో ఐదారుగురు మనుషులు, వీటి మధ్య నీ చొక్కా మీద ఆకులున్నాయా పూలున్నాయా అనేది ఏ జంతువూ చూడదు. బండికి అలవాటు పడిన జంతువు నిలబడుతుంది, లేనిది పారిపోతుంది. అక్కడ కావలసింది దుమ్ము ఆపడానికి ముక్కుకు ఒక గుడ్డ. డిసెంబర్ తెల్లవారుజామున అయితే చెవులకు మఫ్లర్.

రెండోది ఇంకా ముఖ్యం. మిలిటరీ బట్టలా కనిపించేది ఏదీ వేసుకోవద్దు. సికింద్రాబాద్‌లో ఆర్మీ స్టోర్స్ అని దుకాణాలు కనబడతాయి, చవగ్గా వస్తుందని కొందరు అవే కొనుక్కుని అడవికి వస్తున్నారు. ఆర్మీ 2022లో కొత్త డిజిటల్ నమూనా యూనిఫాం తెచ్చింది, దాన్ని పోలినవి కూడా బజార్లో తిరిగాయి. సైనికుడినని ఎదుటివాళ్లను నమ్మించే ఉద్దేశంతో అలాంటివి వేసుకోవడం నేరం, నీకు ఆ ఉద్దేశం లేకపోయినా చెక్‌పోస్టు దగ్గర అది నిరూపించుకుంటూ నిలబడాల్సింది నువ్వే. నాలుగేళ్ల కింద ఒక స్నేహితుడు అలాంటి ప్యాంటు వేసుకొచ్చాడు, బ్యాగులన్నీ దించి, కెమెరాలు తెరిపించి, గంటన్నర కూర్చోబెట్టారు. వాళ్లది తప్పనను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నిషేధం, అయినా ఇంకా దొంగతనంగా ఉచ్చులు పెట్టేవాళ్లు, తుపాకీ పట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నారు, వాళ్లను పట్టుకోవడానికే ఆ చెక్‌పోస్టులు. వేటగాడిలా తయారై అడవి గేటు ముందు దిగితే అనుమానం రావడం సహజం. చెరువుల దగ్గర ఊరివాళ్లు కూడా అంతే, ఖాకీ చొక్కా వేసుకున్నవాడితో మాట కలుపుతారు, మిలిటరీ బట్టలవాడిని చూస్తే పిల్లల్ని లోపలికి పిలుస్తారు. పిట్ట ఎక్కడుందో చెప్పేది ఆ ఊరివాళ్లే కదా!

వనస్థలిపురంలో హరిణ వనస్థలి ఉంది చూడు, ఒకప్పుడు అది నిజాం వేటకు వెళ్లిన నేల. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు హాయిగా మేస్తాయి, మన పిల్లలు చూసి వస్తారు. నాకు ఆ మార్పు చాలా ఇష్టం.

అడవిలో నాకు నడక నేర్పింది చెంచు ట్రాకర్లు. వాళ్లలో ఒక పెద్దాయనతో మూడు రోజులు తిరిగాను. ఆయన ఒంటి మీద వెలిసిపోయిన ఖాకీ చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు. నాలుగడుగులు వేసి ఆగుతారు, వింటారు, మళ్లీ నాలుగడుగులు. అడుగు వేసేటప్పుడు మడమ కాదు, పాదం బయటి అంచు ముందు ఆనుతుంది, కింద ఎండుపుల్ల ఉంటే తెలిసిపోతుంది, బరువు వేయరు. నేను ఆయన వెనక నడుస్తుంటే నా బూట్ల చప్పుడు నాకే సిగ్గనిపించింది. దుప్పిని నాకంటే చాలా ముందు ఆయన చూశారు, దుప్పి మా ఇద్దరినీ చూసింది, కానీ ఆయన ఆగిపోయి అటు వైపు నేరుగా చూడకుండా నిలబడితే అది మళ్లీ తల దించి మేసింది. దానికి ఏ బ్రాండూ లేదు తమ్ముడూ.

డబ్బు పెట్టాలంటే కాళ్లకు పెట్టు. మెత్తని అడుగు, చీలమండ దాకా వచ్చే బూట్లు. పశువులు తిరిగే గడ్డిలో గోమార్లు పడతాయి, ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకో, సాక్సులు లేత రంగువైతే పాకేవి కనిపిస్తాయి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుము చుట్టూ చూసుకోవడం మర్చిపోవద్దు.

మంచు_దారి:

అందరూ వద్దంటున్నారు కాబట్టి కొన్నవాడిగా ఒక మాట. అన్ని చోట్లా దండగ కాదు. ఫిబ్రవరిలో మంచు చిరుతను చూద్దామని లద్దాఖ్ వెళ్లాను, పగలే మైనస్‌లు, రాత్రి మైనస్ 20. కొండ మలుపులో టెలిస్కోప్ పెట్టుకుని రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చోవడమే పని. అక్కడ మంచి జాకెట్ లేకుండా కూర్చోలేం, రెండో రోజు సాయంత్రం చిరుత బయటికి వచ్చేసరికి పక్కన చవక జాకెట్ వేసుకున్నాయన చలికి తట్టుకోలేక గదికి వెళ్లిపోయి ఉన్నారు. ఆ ఒక్క క్షణానికి నేను పెట్టిన డబ్బంతా న్యాయమే అనిపించింది. అయినా ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లకు లేహ్‌లో ఈకల జాకెట్లు రోజు అద్దెకు దొరుకుతాయి, ముందు అవి వాడి చూడండి.

హైదరాబాద్‌లో దాచడం గురించి ఎవరూ చెప్పలేదు. నా దగ్గర ఇంకో ఖరీదైన వాన జాకెట్ ఉండేది, లోపల ప్లాస్టిక్ లాంటి పూత ఉన్న రకం. రెండు వానాకాలాలు బీరువాలో మడతపెట్టి ఉంచి తీస్తే లోపలంతా జిగురుగా అంటుకుపోయింది, విప్పుతుంటే పొట్టులా రాలింది. ఆ పూత పాలియురెథేన్, వేడికీ తేమకూ మెల్లగా కరిగి ఊడిపోతుందట. ఆరుసార్లు కూడా వేసుకోలేదు, మనసు ఎంత బాధపడిందో చెప్పలేను. అలాంటిది ఉన్నవాళ్లు మడతపెట్టకుండా హ్యాంగరుకు తగిలించి, బాగా ఆరాకే లోపల పెట్టండి, అప్పుడప్పుడు గాలికి తీయండి. పదేళ్లు వాడతానని లెక్కవేసుకుని కొంటే మన ఊరి వాతావరణం ఆ లెక్క సాగనివ్వదు.

డెకథ్లాన్ అడిగావు కదా, వాళ్ల సోలోన్యాక్ రకం వేట కోసం చేసినదే, మన దగ్గర చాలామంది ఫొటోగ్రాఫర్లు అవే వాడతారు. ప్యాంటు బాగుంటుంది, ముళ్లకు తట్టుకుంటుంది. చొక్కా అయితే టీచర్ గారు చెప్పినట్టు కుట్టించుకోవడమే మేలు.

పాలపిట్ట_మియాపూర్:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఏం చేశానో చెప్పకపోతే బాగోదు.

బావకు ఫోన్ చేసి జాకెట్ వద్దన్నాను. మెరినో టీషర్టు ఒకటి చాలు, అదీ మార్చిలో రేటు తగ్గాక ఎవరైనా వస్తుంటే పంపమన్నాను. జనరల్ బజార్ వెళ్లి గుడ్డ తెచ్చాం, మెహందీ రంగు కొంచెం ముదురుగా ఉందని మా ఆవిడ ఎండు గడ్డి రంగు తీసుకోమంది, చెరువు దగ్గర అదే బాగా కలిసిపోతోంది. చొక్కాకు మొత్తం 1,150 అయింది. బూట్లకు 4,200 పెట్టాను. మిగతా డబ్బు లెన్స్ కోసం పక్కన పెట్టాను.

మొన్న ఆదివారం అమీన్‌పూర్‌లో తెల్లవారక ముందే వెళ్లి, గట్టు దిగి, ఒక తుమ్మ మొక్క వెనక కూర్చున్నాను. నలభై నిమిషాలు ఏమీ లేదు, దోమలు తప్ప. తర్వాత ఒక లకుముకి పిట్ట వచ్చి నా ముందున్న కర్ర మీద వాలింది, ఎంత దగ్గరంటే లెన్స్ ఫోకస్ అందలేదు. ఫొటో రాలేదు. చేప పట్టి, కర్రకేసి రెండుసార్లు కొట్టి, మింగి, తోక ఊపుతూ అక్కడే ఉంది, నేను చూస్తూ కూర్చున్నాను.

గోమార్ల భయంతో ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుంటే సాక్సుల నిండా ఉత్తరేణి గింజలే. దీనికేమైనా ఉపాయం ఉందా?

తార్నాక_టీచర్:

చొక్కా కుట్టగా మిగిలిన గుడ్డ పారేశారా? ఉంటే టైలర్‌కు ఇచ్చి జానెడు వెడల్పున రెండు గొట్టాల్లా కుట్టించండి, పైనా కిందా ఎలాస్టిక్ వేయించి. బూటు మీద నుంచి పిక్క సగం దాకా రావాలి. డ్రిల్ గుడ్డకు ఉత్తరేణి అంతగా పట్టదు, పట్టినా చేత్తో దులిపితే పోతుంది. నావి పంపమంటే ఫొటో పెడతాను, కొలత అలాగే చూపించండి.